ఎనిమిదో సిస్టమ్‌లో ఎవరు?

సార్ పోయారని మాధవి ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం వేళ, ఆఫీసు క్యాంటీన్‌లో డబ్బా మూత తీస్తున్నాను. "నెల రోజుల నుంచి ఆసుపత్రిలోనే ఉన్నారంట. మనకెవరూ చెప్పలేదే," అంది. ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూర్చుండిపోయాను.

ఆయన ముఖం వెంటనే గుర్తు రాలేదు. ముందు గుర్తొచ్చింది చూపుడు వేలు. మానిటర్ అద్దం మీద పైనుంచి కిందికి, ఒక్కో వరుస దగ్గర కాస్త ఆగుతూ జారే వేలు. వేలు తీసేశాక అద్దం మీద సన్నటి మసక గీత మిగిలేది. జేబులోంచి రుమాలు తీసి దాన్ని తుడిచి, మళ్లీ అదే చోట వేలు పెట్టేవారు. తర్వాత గొంతు గుర్తొచ్చింది. ఒక్కసారి తప్ప ఎన్నడూ హెచ్చని గొంతు. గదిలో ఎవరో నిద్రపోతున్నారు, వాళ్లకి మెలకువ రాకూడదు అన్నట్టుగా పాఠం చెప్పేవారు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో, మూడో అంతస్తులో ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. ఆ సందులో తలెత్తితే ఆకాశం బదులు కోర్సుల బోర్డులే కనిపించేవి. మెట్లెక్కి లోపలికి వెళ్తే మాత్రం వేరే లోకం. కిటికీలకు నీలం పరదాలు, వాటిలోంచి వడకట్టినట్టు వచ్చే వెలుతురు, ఇరవై సిస్టమ్‌ల సన్నటి రొద. ఇప్పుడు తలుచుకుంటే ఆ గది నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. మేమంతా అక్కడ చేపల్లా కదలకుండా కూర్చుని ఉన్నట్టు, ఆయన ఒక్కరే మా మధ్య మెల్లగా తిరుగుతున్నట్టు.

మాది పోచంపల్లి దగ్గర నేతవాళ్ల కుటుంబం. నాన్న మగ్గం వదిలి ఎల్బీ నగర్‌లో చిన్న చీరల దుకాణం పెట్టాక అక్కడే రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. డిగ్రీ అయిపోయి, డేటాబేస్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే వచ్చి చేరాను. నా పక్క సిస్టమ్ మాధవిది. తెనాలి నుంచి వచ్చి దగ్గర్లోనే లేడీస్ హాస్టల్లో ఉండేది. సార్ కూడా అటువైపు మనిషే. ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటినా మాటలో ఆ సాగదీత పోలేదు. ఆడపిల్లలందర్నీ "అమ్మా" అనీ మగపిల్లల్ని "నాన్నా" అనీ పిలిచేవారు. మా మాటలు మాత్రం ఆయనకి చాలా ఇష్టం. ఒకసారి నేను "జర ఆగుండ్రి సార్" అంటే ఆగిపోయి, "జర! ఎంత మంచి మాటమ్మా అది. మాకు అలాంటిది లేదు," అన్నారు. ఇక ఆ రోజు నుంచి దాన్ని పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ వాడేవారు. "ఈ టేబుల్ జర పెద్దదండీ" అంటే వెనక వరుసవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

మొదటి రోజు ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తుంది. మాకందరికీ ఒకటే లాగిన్. ఇరవై మందీ 'స్టూడెంట్' అనే పేరుతోనే లోపలికి వెళ్లాలి. అలా వెళ్లిన దగ్గర్నుంచి బయటికి వచ్చేదాకా ఒక్కొక్కరిదీ ఒక సెషన్. లోపల ఎవరెవరున్నారో చూపించే జాబితాను ఆయన ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి చూపించారు. స్టూడెంట్, స్టూడెంట్, స్టూడెంట్. పైనుంచి కిందిదాకా అదే.

"ఇందులో లావణ్య ఎవరు?" అని అడిగారు. నా పేరు అప్పుడే రిజిస్టర్లో చూసినట్టున్నారు.

ఎవరమూ చెప్పలేకపోయాం. ఆయన వేలు గోడ మీదికి వెళ్లింది. ప్రతి వరుసకీ రెండు నంబర్లుంటాయి. మొదటిది బస్సులో సీటు నంబరు లాంటిదన్నారు. ఒకరు లేస్తే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుంటారు. రెండోది టికెట్ నంబరు లాంటిది, మనిషి మారితే అదీ మారుతుంది. రెండూ కలిపి చూస్తేనే ఫలానా సెషన్ అని తెలుస్తుంది. ఏ సిస్టమ్ నుంచి వచ్చారో, ఎన్ని గంటలకు వచ్చారో కూడా పక్కనే ఉంటుంది. ఇన్ని చూశాక కూడా ఆ కుర్చీలో ఉన్న మనిషి ఎవరో డేటాబేస్‌కి తెలియదు.

"అందుకని మీరే చెప్పాలి. పేరు చెప్పి కూర్చోండి," అన్నారు.

పేరు చెప్పడమంటే, లోపలికి వెళ్లగానే ఒక చిన్న లైను కొడితే మన సెషన్ మీద మన పేరు పడుతుంది. రోజూ మొదట ఆ లైను కొట్టాలి, ఆ తర్వాతే ప్రాక్టీసు. చాలామంది బద్ధకించేవారు. బద్ధకించినవాళ్లను కూడా ఆయన పట్టేసేవారు. జాబితా ముందు నిలబడి, వేలు జార్చుకుంటూ, "ఇదిగో, ఈయన గంట నుంచి ఒకే తప్పు ఏడుసార్లు కొట్టాడు. కిరణ్ నాన్నా, నువ్వేగా? ఈ అమ్మాయి పది నిమిషాల నుంచి ఏమీ కొట్టట్లేదు. మాధవమ్మా, నిద్ర వస్తోందా?" అనేవారు. ఒక్కసారి కూడా తప్పేది కాదు. మనం ఎలా తప్పు చేస్తామో, ఎంతసేపు ఆలోచిస్తామో ఆయనకు తెలిసిపోయేది. పేరు లేని ఆ వరుసల్లో ఆయనకు మా ముఖాలు కనిపిస్తున్నాయేమో అనిపించేది.

ఇంకొకటి. ఎవరైనా టేబుల్‌లో, అంటే వివరాలు దాచే పట్టికలో, ఒక వరుసను మారుస్తూ మధ్యలో వదిలేసి వెళ్తే, వాళ్లు 'కమిట్' కొట్టి ఖాయం చేసేదాకా దానికి తాళం పడినట్టే, ఇంకెవరూ ఆ వరుసను ముట్టుకోలేరు. రెండోవాళ్ల తెర అలా నిలిచిపోతుంది. అప్పుడు మొదటివాళ్ల సెషన్‌ని కిల్ చేయాలి. ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు. 'లేపడం' అనేవారు, సీట్లోంచి లేపడం అన్న అర్థంలో. మగపిల్లలకు దానికి వేరే అర్థం తోచి నవ్వులే నవ్వులు. ఆయన కూడా నవ్వి, "సరే, ఏదైనా ఒకటే. లేపే ముందు ఎవరో చూడండి. లేపేస్తే వాళ్లు అప్పటిదాకా చేసిందంతా పోతుంది," అనేవారు.

ఆ ఏడాది ఊళ్లో ఉద్యమం తప్ప ఇంకో మాట లేదు. పొద్దున నేను బస్సు దిగేసరికి ఒక ర్యాలీ, సాయంత్రం ఎక్కేసరికి ఇంకో ర్యాలీ. డప్పుల చప్పుడు మూడో అంతస్తు దాకా వచ్చి, నీలం పరదాల్లో చిక్కుకుని మెత్తబడిపోయేది. ల్యాబులో ఎవరూ గొడవ పడేవారు కాదు కానీ టీకి మాత్రం రెండు గుంపులుగా వెళ్లేవారు. నేను, మాధవి ఏ గుంపుతోనూ వెళ్లకుండా మెట్ల దగ్గర నిలబడి తాగేవాళ్లం.

ఒకరోజు సార్ జాబితా గోడ మీద వేసేసరికి అందులో ఒక్క పేరూ లేదు. పదకొండు సెషన్ల మీద 'జై తెలంగాణ' అని, ఆరింటి మీద 'సమైక్యాంధ్ర' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పదకొండులో నాది కూడా ఒకటి. ఎవరిని తిడతారో, ఏ పక్షం మాట్లాడతారో అని అందరం ఆయన వీపు వైపే చూస్తున్నాం.

ఆయన వేలు జాబితాలో సగం దాకా వచ్చి ఆగింది. "ఈ పదకొండు మందిలో ఒకరు టేబుల్‌కి తాళం వేసేసి ఊరుకున్నారు. మిగతావాళ్ల పని ఆగిపోయింది. ఇప్పుడు నేను ఎవరిని పిలవాలి?"

వెనక నుంచి కిరణ్ లేచాడు. "జై తెలంగాణ అని పిలువుండ్రి సార్. పలుకుతం."

సార్ ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత గొంతు సవరించుకుని, ఆ సాగదీత మాటతోనే, "జై తెలంగాణ!" అన్నారు. ఆ గొంతు హెచ్చగా విన్నది అప్పుడే. పదకొండు మందిమి ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, "తాళం ఒక్కరిదే కదా నాన్నా," అన్నారు బేలగా. గది గదంతా పకపకా నవ్వింది. ఆ ఆరుగురు కూడా నవ్వారు.

"నినాదం తీసేయమనను. దాని తర్వాత చుక్క పెట్టి, మీ పేరు రాయండి. నాకు మీతో పని," అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను డేటాబేస్‌లో 'జైతెలంగాణ చుక్క లావణ్య'నే. నా పక్కన 'సమైక్యాంధ్ర చుక్క మాధవి'.

సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు పూర్తిగా బందయ్యాయి. ఎల్బీ నగర్ నుంచి నడిచే వెళ్లేదాన్ని. ఎప్పుడూ లారీల హోరుతో ఉండే హైవే మీద పిల్లలు క్రికెట్ ఆడుతుండేవారు. కొత్తపేట దాకా వచ్చేసరికి గడ్డిఅన్నారం మార్కెట్ వైపు నుంచి పండ్ల వాసన వచ్చేది, రోడ్డు మీద మాత్రం ఒక్క బండీ ఉండేది కాదు. ఊరు కల గంటున్నట్టుండేది, ఆ కలలో నేను నడుస్తున్నట్టుండేది. బొగ్గు ఆగిపోయి కరెంటు కూడా చెప్పాపెట్టకుండా పోయేది. అప్పుడు మా సిస్టమ్‌లన్నీ ఆరిపోయేవి. మూల గదిలో బ్యాటరీల మీద నడిచే సర్వర్ మాత్రం ఆరేది కాదు. మేం లేచిపోయిన సంగతి దానికి తెలియదు. జాబితాలో మా సెషన్లు మా కోసం ఎదురు చూస్తూ అలాగే కూర్చుని ఉండేవి. కరెంటు వచ్చాక మేం మళ్లీ లోపలికి వెళ్తే ఒక్కొక్కరికి రెండేసి వరుసలు. పాతది ఒకటి, కొత్తది ఒకటి. ఆయన వాటిని వేలితో చూపించి, "చూశారా, ఈ అమ్మాయి వెళ్లిపోయింది, ఈ అమ్మాయి వచ్చింది. ఇద్దరూ ఒకరే," అనేవారు.

ఆ రోజుల్లోనే ఒక కంపెనీ మా ఇన్‌స్టిట్యూట్ పిల్లల్ని ఇంటర్వ్యూలకు పిలిచింది. పేర్లు, వివరాలు డేటాబేస్‌లో ఎక్కిస్తే జాబితా తీసి పంపాలి. మొదటి విడత ఫారాలు ఎప్పుడో ఎక్కించేశారు. సమ్మెకి భయపడి ఊళ్లకు వెళ్లి, ఆలస్యంగా తిరిగొచ్చిన హాస్టల్ పిల్లలవి ఇరవై మూడు మిగిలాయి. అన్నీ కోస్తావాళ్లవే. మాధవిది కూడా అందులోనే ఉంది. తన ఫారం తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎందుకంటే వాటిని ఎక్కించమని మేనేజర్ చెప్పింది నాకు.

ఆ పొద్దున నేను ఏదో ప్రాక్టీసు చేస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక కొత్తగా లోపలికి వెళ్లి ఫారాలు మొదలుపెట్టాను. ఒంటిగంటకు ఇరవై మూడూ అయిపోయాయి. కింద రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. ఉద్యమకారులు రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అందరికీ పెడుతున్నారు. కిచిడీ వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. తినొచ్చి, ఒకసారి సరిచూసుకుని కమిట్ కొడదామనుకుని దిగాను. పది నిమిషాలనుకున్నది అరగంటయింది. పైకి వచ్చేసరికి తర్వాతి బ్యాచ్ కుర్రాడు నా కుర్చీలో కూర్చుని, నా విండో మూసేసి, తన పని మొదలుపెట్టాడు. మూసేటప్పుడు దానంతటదే ఖాయమై ఉంటుందిలే అనుకున్నాను. "అయిపోయినయి సార్" అని మేనేజర్‌కి చెప్పి ఇంటిదారి పట్టాను. ఆయన కూడా చూడకుండానే జాబితా తీసి కంపెనీకి పంపేశాడు.

మర్నాడు ఇంటర్వ్యూకి రావాల్సినవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆ ఇరవై మూడు పేర్లలో ఒక్కటీ లేదు.

బోర్డు ముందు హాస్టల్ అబ్బాయిలు గుమికూడారు. "అందరూ మావాళ్లే. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది పొరపాటా అండీ?" అని ఒకతను. "నిన్న ఈవిడ కింద వంటావార్పులో ఉంది, నేను చూశాను," అని ఇంకొకతను. మాధవి గుంపులోంచి వచ్చి నా ముందు నిలబడింది. దాని కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"నా ఫారం నీ చేతికే ఇచ్చాను కదే," అంది.

"కొట్టిన మాధవీ. ఒట్టు. అన్ని కొట్టిన."

"మరెక్కడుంది?"

మాధవి వెళ్లిపోయి వాళ్లలో కలిసింది.

మేనేజర్ మా నల్లగొండ మనిషే. గొడవంటే భయం. నన్ను పక్కకు పిలిచి, "నువ్వు లోపలికి రాకు బిడ్డా. రెండు దినాలు ఇంటికాడ ఉండు. ఇంటర్వ్యూ లిస్టుల నీ పేరు కూడ తీసేస్త, గప్పుడు గాని వీళ్లు సల్లబడరు," అన్నాడు. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్లను? మెట్ల మీద కూర్చున్నాను. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు నన్ను తప్పించుకుంటూ వెళ్తున్నారు. నేను నిజంగానే కొట్టానా, లేక కొట్టినట్టు కల గన్నానా అని నామీద నాకే అనుమానం పుట్టింది.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. సార్ నిలబడి ఉన్నారు. "లోపలికి రామ్మా," అన్నారు.

అందర్నీ కూర్చోబెట్టి గోడ మీద జాబితా వేశారు. రోజూ చూసే జాబితా కాదు, నిన్నటి లెక్క. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో సర్వర్ రాసిపెట్టుకున్నది. ఆయన వేలు పైకి లేచింది.

"నిన్న ఒంటిగంట దాటాక మాధవి తెర నిలిచిపోయిందని నన్ను పిలిచింది. చూశాను. తాళం వేసింది ఎనిమిదో సిస్టమ్. అంటే లావణ్యది. ఎనిమిదో సిస్టమ్ మీద రెండు సెషన్లున్నాయి. రెండింటి మీదా లావణ్య పేరే. కుర్చీ ఖాళీగా ఉంది. రెండూ కరెంటు పోయినప్పటి పాతవే అనుకున్నాను. ఒకటి లేపాను. తెర కదల్లేదు. రెండోది కూడా లేపాను. కదిలింది. సరేలే అని వెళ్లిపోయాను."

అక్కడ ఆగి, రుమాలుతో గోడను తుడవబోయి, గోడ అని గుర్తొచ్చి మానేశారు.

"టైము చూడలేదు. మొదట లేపినది పాతది కాదు. పదకొండున్నరకి, కరెంటు వచ్చాక లోపలికి వచ్చినది. మీ ఇరవై మూడు పేర్లూ అందులోనే ఉన్నాయి. ఇదిగో, నేను కొట్టిన నంబర్లు. ఇదిగో, ఆ సెషన్ నంబర్లు. రెండూ కలిపి చూసుకోండి."

ఒకతను, "ఆమెని కాపాడటానికి అంటున్నారు సార్ మీరు," అన్నాడు.

"వచ్చి చూడు నాన్నా. నేర్పాను కదా."

అతను వచ్చాడు. రెండు చోట్లా నంబర్లు వేలితో పట్టుకుని చూశాడు. తల దించుకుని వెళ్లి కూర్చున్నాడు.

"లావణ్య కమిట్ కొట్టకుండా లేచింది. అది ఆమె పొరపాటు," అన్నారు సార్ నా వైపు చూడకుండా. "తిరిగొచ్చి కొట్టే అవకాశం లేకుండా చేసింది మాత్రం నేను."

తలుపు దగ్గరున్న మేనేజర్ కంగారుగా లోపలికి వచ్చాడు. "గిదంత ఎందుకు సార్ ఇప్పుడు? కరెంటు పోయింది, డాటా పోయింది అంటే అయిపోయేది గద. ఇన్‌స్టిట్యూట్ పేరు ఏం కావాలె?"

సార్ ఆ ఇరవై మూడు ఫారాలూ ఒక గుడ్డసంచిలో పెట్టుకుని, "నేను కంపెనీకి వెళ్లొస్తాను," అన్నారు. నేనూ లేచాను. ఒక్క క్షణం ఆగి మాధవి కూడా లేచింది.

ఒక ఆటో దొరికింది. మలక్‌పేట, నాంపల్లి దాటి, బంజారాహిల్స్ ఎక్కి ఆ చివరికి వెళ్లాలి. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఎండ తెల్లగా, మెత్తగా ఉంది. సార్ సంచిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు.

కంపెనీ గేటు దగ్గర గంటన్నర నిలబెట్టారు. కూర్చోమని సెక్యూరిటీ మనిషి కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. చివరికి ఒక మేడమ్ వచ్చింది. ఆమెకు కూడా అదే చెప్పారు, ఒక్క మాట ఎక్కువ లేకుండా, తక్కువ లేకుండా. "పొరపాటు నాదండీ. పిల్లలది కాదు. వీళ్లని ఒక్కసారి చూడండి."

"మీరు ఫోన్ చేసినా సరిపోయేది కదండీ, ఈ సమ్మెలో ఇంత దూరం ఎందుకొచ్చారు?" అందామె ఆశ్చర్యంగా. సంచి తీసుకుంది. శనివారం పొద్దున్నే అందర్నీ పంపమంది.

తిరిగి వచ్చేటప్పుడు మాధవి నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను నమ్మలేదే నేను," అంది.

"నీ జాగల నేనున్నా నమ్మకపోదునేమో," అన్నాను. అది నిజమే. సార్ వినలేదు, లేదా విననట్టు బయటికి చూస్తున్నారు.

శనివారం ఇరవై మూడు మందీ వెళ్లారు. మాధవికి ఉద్యోగం వచ్చింది. నాకు ఆ కంపెనీలో రాలేదు, ఆరు నెలల తర్వాత ఇంకో చోట వచ్చింది. సార్‌ని మాత్రం ఆ నెలాఖరుకి మానేయమన్నారు. ఆఖరి రోజున ఆయన పాఠం చెప్పారు, అంతే. వీడ్కోలు మాటలేమీ లేవు. వెళ్తూ వెళ్తూ సర్వర్ గది తలుపు దగ్గరగా వేశారు.

ఆ తర్వాత నేను ఎక్కడ ఉద్యోగం చేసినా, కొత్తగా చేరినవాళ్లకు ఆయన కథ చెప్పేదాన్ని. ఎవరికీ తెలియని తన తప్పును తనే వెతికి, తనే నిలబడి చెప్పిన మనిషి అని. చెప్పగా చెప్పగా నాకు ఆయన ఒక మచ్చలేని బొమ్మలా తయారయ్యారు.

ఆయన్ని ఆఖరిసారి చూసింది రాష్ట్రం వచ్చిన కొద్ది రోజులకు, గడ్డిఅన్నారం మార్కెట్లో. మామిడి చివరి రోజులు. పరిచిన గడ్డిలోంచి పండ్లు బంగారంలా మెరుస్తున్నాయి. గోడల మీదింకా గులాబీ రంగు కాగితాలు, తెగిన తోరణాలు ఉన్నాయి. ఒక కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో పండు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటున్న మనిషిని చూసి ఆగాను. జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఎనిమిదో సిస్టమ్," అన్నారు నన్ను చూసి, నవ్వుతూ.

ఎల్బీ నగర్‌లో ఎక్కడో ఆరుగురు పిల్లలకు చెబుతున్నానన్నారు. "మీ ఊరికి పోతరా సార్ ఇగ?" అని అడిగాను. "మా ఆవిడ కూడా అదే అడుగుతోంది. నాకేమో ఇక్కడ తప్ప ఎక్కడా నిద్ర పట్టదమ్మా," అన్నారు.

నేను ఊరుకోలేకపోయాను. నా దగ్గర చేరినవాళ్లందరికీ ఆయన కథ చెబుతానని చెప్పేశాను. ఆయన ముఖం మారింది. చేతిలోని పండును మెల్లగా కుప్ప మీద పెట్టారు.

"అది పూర్తి కథ కాదమ్మా. ఆ రోజు నేను పది గంటలకే చూసేశాను. నంబర్లు కలిశాయి. నేనే అని తెలిసిపోయింది. చెప్పకూడదనుకున్నాను. కరెంటు మీదికి పోతుందిలే, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. పన్నెండున్నర దాకా అలాగే కూర్చున్నాను. నువ్వు మెట్ల మీద ఉన్నావు. తలుపు అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నావు."

చుట్టూ వేలంపాట వాళ్ల కేకలు, హమాలీల అరుపులు. నాకేవీ వినిపించలేదు. మొదట వచ్చింది కోపమే. ఆ మెట్ల చల్లదనం మళ్లీ ఒంటికి తగిలినట్టయింది. ఆయన తలెత్తి నా వైపే చూస్తున్నారు, తప్పించుకోవడానికి ఏమీ అనకుండా.

"రెండున్నర గంటలే గద సార్," అన్నాను చివరికి.

"నీకెంతసేపు అనిపించింది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "శాన సేపు సార్," అన్నాను.

ఆయన తలూపారు. ఇన్నేళ్లుగా ఆ లెక్క ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నట్టు, మెల్లగా, రెండుసార్లు. తర్వాత తూకం వేయించి సంచి ఎత్తబోయారు. బరువుగా ఉంది. ఒక చెవి నేను పట్టుకున్నాను, ఒకటి ఆయన పట్టుకున్నారు. ఆ జనంలోంచి దారి చేసుకుంటూ రోడ్డు దాకా ఇద్దరం కలిసి మోసుకెళ్లాం.